కండ్ల వార్డు కావలి

పులివెందుల మేజిస్ట్రేటు కోర్టులో ఆ రోజు విచారణకు వచ్చిన కేసుల్లో ఈశ్వరమ్మది నాలుగోది. ఆమె మీద మోపిన నేరం, చావబోవడం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది అది. ఈశ్వరమ్మకు ఇరవై ఆరేళ్లు. తొండూరు పక్క పల్లె. ఆమె నాలుగేళ్ల కూతురు సుంకులమ్మ గొంతులో పొర కమ్మి మూడే రోజుల్లో పోయింది. మొదటి రోజు జలుబే కదా అని ఈశ్వరమ్మ పిల్లను ఇంట్లో పడుకోబెట్టి శెనక్కాయలు పీకడానికి పోయింది. ఆ తర్వాత పది నెలలు ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, ఏడవలేదు. ఒక మధ్యాహ్నం, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావిలో దూకింది. అక్కడ కపిల తోలుతున్న ఇద్దరు మోకు వేసి పైకి లాగారు. ఊరి మునసబు రిపోర్టు రాశాడు. రాయకపోతే తన ఉద్యోగానికే ముప్పు.

"తప్పు ఒప్పుకుంటావా?" అని అడిగాడు మేజిస్ట్రేటు.

"దూకింది నిజమే సార్. తప్పేందో నాకు తెలీదు. నా పానం నాది గదా?"

మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. గుమాస్తా బల్ల పక్కన నిలబడి ఉన్న ప్రొబేషన్ ఆఫీసరు హబీబుల్లా వైపు చూశాడు.

హబీబుల్లా కడప నుంచి వచ్చేవాడు. నలభై అయిదేళ్ల బక్కపలచని మనిషి. కోర్టు ఆయన కనిపెట్టుబడికి అప్పగించినవాళ్లంతా సారా కాచినవాళ్లు, జాతరల్లో జేబులు కత్తిరించినవాళ్లు. ఇలాంటి కేసు ఆయనకు ఇదే మొదటిది. విచారణకు ముందు ఊరికి పోయి ఈశ్వరమ్మ మొగుడు ఓబులేసుతో కళ్లంలో కూర్చుని మాట్లాడి వచ్చాడు. ఓబులేసు చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. కానీ అతను చెప్పింది ఒకటే మాట.

"ఇంటికి తీసకపోతే మళ్లా దూకుతాది సార్. నేను సేద్యం చేసుకునేదా, ఆమెకు కావిలుండేదా? నాకు రెప్ప వెయ్యాలంటే భయంగా ఉండాది."

జైలుకు పంపితే అక్కడ చచ్చిపోతుంది, ఇంటికి పంపితే ఇక్కడ చచ్చిపోతుంది అని హబీబుల్లా తన రిపోర్టులో రాయలేదు గానీ, మేజిస్ట్రేటుకు నోటితో చెప్పాడు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. మేజిస్ట్రేటు ఉత్తర్వు చదివాడు. ఒక ఏడాది ప్రొబేషన్. ఆసుపత్రిలోనే ఉండాలి, వైద్యం చేయించుకోవాలి, వాళ్లు చెప్పిన పని చేయాలి. ఆఫీసరు నెలకోసారి వచ్చి చూస్తాడు. చెప్పకుండా గేటు దాటితే మళ్లీ ఈ కోర్టే.

ఓబులేసు జామీను కాగితం మీద వేలిముద్ర వేశాడు. హబీబుల్లాతో కలిసి ముగ్గురూ జమ్మలమడుగు బస్సెక్కారు. దారిలో తొండూరు వచ్చింది. ఓబులేసు కిటికీలోంచి తమ పల్లె దారి వైపు చూశాడు. ఈశ్వరమ్మ చూడలేదు.

ఆసుపత్రిలో ఆమెను చేర్చుకున్నది దేవకుమారి. యాభై దాటిన పెద్ద నర్సు. నడకా వేగం, మాటా వేగం. కింది రెప్పలు లాగి చూసి, "ఒంట్లో నెత్తురు లేదు. నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. ఇనుము కలిపిన మందు రెండు పూటలా పోసింది. కొన్నాళ్లు నిద్రమందు ఇచ్చింది. గిన్నెలు తోమే ఆయాల గదిలో చాప వేయించింది.

మందుకు నిద్ర వచ్చింది, చెంపలకు కాస్త రంగు వచ్చింది. మాట మాత్రం రాలేదు. పొద్దున కట్టుగుడ్డలు ఉడకబెట్టి ఆరేసేది. ఆ పని అయిపోగానే వార్డు మెట్ల మీద కూర్చునేది. కూర్చుంటే కూర్చున్నట్టే. గంట, రెండు గంటలు, మూడు. ఈగ ముఖం మీద వాలినా చెయ్యి లేచేది కాదు. దిగులుతో మనేద పట్టిందని ఆయాలు అన్నారు. గాలి సోకిందని కొందరన్నారు. దేవకుమారి అటూ ఇటూ పోతూ ఆమెను చూసేది. నెల రోజులు చూసింది. ఒకరోజు పెద్ద డాక్టరు దగ్గరికి పోయి అడిగింది.

"డాక్టరుగారూ, కండ్ల వార్డుకు మనిషి కావాలన్నారు కదా. కదలకుండా కూచునే మనిషి."

చలికాలం మొదలైతే ఆ ఆసుపత్రికి కళ్లకు పొర కమ్మినవాళ్లు వచ్చేవాళ్లు. ప్రొద్దుటూరు, చక్రాయపేట, ఇంకా అవతలి ఊళ్ల నుంచి కట్టె పట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆపరేషన్ అరగంటలో అయిపోయేది. కష్టమంతా తర్వాతే. రెండు కళ్లకూ కట్టుకట్టి, తలకు అటొకటి ఇటొకటి ఇసుక మూటలు పెట్టి, ఎనిమిది రోజులు వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లు. తల తిప్పకూడదు. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు, ఏడవకూడదు. కుట్టు తెగితే కన్ను పోతుంది. అన్నం కూడా గంజిలా చేసి చెంచాతో పోయాలి. చుట్టాలను కూర్చోబెడితే పగలే కునుకు తీసేవాళ్లు, లేదంటే రోగి గొణగగానే జాలిపడి తల కిందికి దిండు తోసేవాళ్లు.

ఈశ్వరమ్మకు అప్పగించిన మొదటి మనిషి ఖమర్‌బీ. ప్రొద్దుటూరులో బొంతలు కుట్టే ముసలామె. ఏడేళ్లుగా సూదిలో దారం ఎక్కించలేదు. ఆమె కొడుకు కమాల్ బాషా తల్లిని చేర్చి, కట్టు విప్పే రోజుకు వస్తానని పనికి వెళ్లిపోయాడు.

ఆపరేషన్ గది తలుపు దగ్గర నిలబడి ఉన్న ఈశ్వరమ్మకు దేవకుమారి ఒక చిన్న పింగాణీ గిన్నె చూపించింది. అడుగున తడిగా ఒక గింజ ఉంది. మట్టి రంగు, శనగబేడ పప్పంత.

"ఇదే" అంది దేవకుమారి.

"ఏంది సిస్టరమ్మా?"

ఆసుపత్రికి వచ్చాక ఈశ్వరమ్మ తనంతట తాను అడిగిన మొదటి మాట అది. దేవకుమారి ఆ సంగతి గమనించనట్టే చెప్పింది.

"ఆమె కంటిలో ఉన్నది. ఏడేళ్ల నుంచి ఇదే అడ్డం."

ఈశ్వరమ్మ గిన్నెలోకి వంగి చూసింది. చాలాసేపు చూసింది. గిన్నె తీసుకుపోతుంటే దాని వెంబడి రెండడుగులు వేసింది కూడా.

మొదటి రెండు రోజులు ఖమర్‌బీ మూలుగుతూనే ఉంది. నడుము నొప్పి, మెడ నొప్పి, వక్కాకు లేదు. ఈశ్వరమ్మ తలవైపు ముక్కాలి పీట మీద కూర్చుని, రెండు అరచేతులూ ఆమె చెవుల పక్కన ఆనించి పట్టుకుంది. ముసలామె తల ఏమాత్రం పక్కకు ఒరిగినా ఆ చేతులు ముందే తెలుసుకునేవి. పొద్దు వాలాక ఇంకో ఆయా వచ్చి కూర్చునేది. తెల్లారగానే మళ్లీ ఈశ్వరమ్మ. మూడో రోజుకు ఖమర్‌బీకి ఆ చేతులు అలవాటయ్యాయి.

"ఎవురు నువ్వు? ఆయా మాదిరి లేవు. ఆయాలైతే తిడతారు" అంది.

"ఈడనే ఉంటా అవ్వా."

"ఏం రోగంతో వచ్చినావు?"

"రోగం కాదు. కేసు మీద పంపినారు."

"దొంగతనమా?"

"కాదు. బావిలో దూకినా."

ఖమర్‌బీ అయ్యో అనలేదు, పాపమనీ అనలేదు. కట్టు కింద పెదవులు మాత్రం కదిలాయి.

"నీళ్లు సల్లగుండెనా?"

అలాంటి మాట ఈశ్వరమ్మను అంతవరకు ఎవరూ అడగలేదు. మునసబు ఎందుకు దూకావని అడిగాడు. పోలీసులు ఎన్ని గంటలకు దూకావని అడిగారు. మొగుడు అసలేమీ అడగలేదు.

"శానా సల్లగుండె అవ్వా" అంది. అన్నాక ఆగలేదు. ఆ చల్లదనంతో మొదలుపెట్టి వెనక్కి చెప్పుకుంటూ పోయింది. పది నెలలు, మూడు రోజులు, ఒక జలుబు. పిల్లను అందరూ సుంకి అని పిలిచేవాళ్లని, దానికి జొన్నరొట్టె అంచులంటే ఇష్టమని, అంచు మాత్రం కొరికి నడిమి రొట్టె వాళ్ల నాయన పళ్లెంలో వేసేదని చెప్పింది. "నేను ఆ పొద్దు పోకుండా ఉండుంటే..." అని ఆగిపోయింది.

ఖమర్‌బీ దుప్పటి అంచు గట్టిగా పట్టుకుంది. "బేటీ, ఆపద్దు. చెప్పు. కానీ నేను ఏడ్సగూడదు. కండ్లల్లో నీళ్లు వస్తే కన్ను పోతాదని డాక్టరు సాబు చెప్పినాడు. నాకు ఏడుపు వస్తాంది. నువ్వే ఏడువు. నాది గూడా నువ్వే ఏడువు."

ఈశ్వరమ్మ ఏడ్చింది. ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు. కన్నీళ్లు గడ్డం మీదుగా జారి ఇసుక మూట మీద పడ్డాయి. మందుల పళ్లెంతో వచ్చిన దేవకుమారి గుమ్మంలోనే ఆగిపోయి, ముసలామె తల వైపు చూసింది. తల కదలడం లేదు. పళ్లెం అక్కడే కిటికీలో పెట్టి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోయింది.

అయిదో రోజు మధ్యాహ్నం గండం వచ్చింది. వార్డు వెనక చుట్టాలు పొయ్యిలు పెట్టుకుని వండుకునే చోటు ఉంది. ఎవరో ఎండుమిరపకాయలు వేయించారు. గాలి తిరిగి ఆ ఘాటంతా కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఖమర్‌బీ ముక్కు అదిరింది. ఛాతీ పైకి లేచింది.

"తుమ్ము... తుమ్ము వస్తాంది..."

"నోరు తెరువు అవ్వా! నోటితో గాలి పీల్చు!"

ఈశ్వరమ్మ ఒక చేత్తో నుదురు అదిమి పట్టి, రెండో చేతి వేలిని ముక్కు కింద పైపెదవి మీద గట్టిగా నొక్కింది. దేవకుమారి నేర్పిన పద్ధతే. ఆ ఘాటుకు ఆమెకే దగ్గు తోసుకొచ్చింది. తాను దగ్గితే చేతులు కదులుతాయి. ఊపిరి బిగబట్టింది. కళ్లు ఎర్రబడ్డాయి, మెడ నరాలు తేలాయి. ఖమర్‌బీ నోరు తెరిచి ఎగపీల్చింది, మళ్లీ పీల్చింది. తుమ్ము వచ్చినంత దూరం వచ్చి పోయింది. ఎవరో పరుగెత్తి కిటికీ మూశారు.

ఈశ్వరమ్మ చేతులు వెంటనే తీయలేదు. వేళ్ల కింద ముసలామె కణత కొట్టుకుంటోంది. ఎవరి ప్రాణమో తన వేళ్ల కింద అలా దబదబలాడుతుంటే ఆమెకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇంత చిన్న చోట ఇంత బలంగా కొట్టుకుంటుందా అనుకుంది.

తొమ్మిదో రోజు కట్టు విప్పారు. అదే రోజు నెలవారీ చూపుకు హబీబుల్లా కూడా వచ్చాడు. డాక్టరు అనుమతితో గుమ్మం దగ్గర కమాల్ బాషా పక్కన నిలబడ్డాడు. కిటికీలకు ఆకుపచ్చ గుడ్డలు కట్టి గదిని మసక చేశారు. ఖమర్‌బీని నెమ్మదిగా లేపి కూర్చోబెట్టారు. దేవకుమారి చుట్టు మీద చుట్టు విప్పింది. చివరి దూది తీసి గోరువెచ్చని నీళ్లతో రెప్పలు తుడిచింది. డాక్టరు లావు అద్దం ఒకటి ఆపరేషన్ చేసిన కంటి ముందు పెట్టాడు.

"తెరువమ్మా."

ఖమర్‌బీ తెరిచింది. డాక్టరు మూడు వేళ్లు ఎత్తి చూపించాడు. ఆమె ఆ వేళ్ల వైపు చూడలేదు. తన ఒడిలోకి చూసుకుంటోంది.

"ఈ చేతులు ఎవురివి?"

"నీవేనమ్మా" అన్నాడు కమాల్ బాషా.

ఆమె చేతులు తిప్పి చూసుకుంది. ముడతలు, మచ్చలు, ఉబ్బిన నరాలు. ఏడేళ్ల కిందట చూసిన చేతులు కావవి. బొటనవేలి మీద సూది గుచ్చుకున్న పాత గుర్తులు కనిపించాక నమ్మింది. "నావే" అంది మెల్లగా. తర్వాత తల ఎత్తింది. దేవకుమారి చీర అంచు చూసి, "యా అల్లా! నీలం ఇంత నీలంగా ఉంటాదా?" అంది. కొడుకును చూసి, "నీకు తెల్లెంటికలు వచ్చె గదరా" అంది. ఆఖరికి పక్కన నిలబడ్డ మనిషి వైపు తిరిగింది.

"ఎవురీ పిల్ల?"

"నేనే అవ్వా. ఈశ్వరమ్మను."

ఖమర్‌బీ ఆమె ముఖాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా చూసింది. "నీ గొంతు విని యాభై ఏండ్ల మనిషివనుకుంటి. నువ్వింత చిన్నదానివా!" ఆ వయసు చూసి ఆమెకు ఎంత ఆశ్చర్యం కలిగిందో, ఈశ్వరమ్మకూ అంతే కలిగినట్టుంది. తన చెంప తాను తడుముకుంది.

డాక్టరు అద్దం తీసి, మళ్లీ కట్టు వేయమన్నాడు. అందరూ బయటికి వచ్చారు. హబీబుల్లా వసారాలో సంచి తెరిచి కాగితం తీశాడు. గత రెండు నెలలూ ఆయన అడిగిన ప్రశ్నలకు ఈశ్వరమ్మ తల ఊపడమే జవాబు. ఈసారి ఆమె తానే ఎదురొచ్చింది.

"సార్, మీరు చూసినారా?"

"చూసినా తల్లీ."

"శనగబ్యాడంత సార్. గిన్నెలో పెట్టి చూపిచ్చినారు నాకు. అంతే ఉండాది. ఆ బ్యాడంత తీసేస్తే లోకమంతా లోపలికి వచ్చె. కొడుకు, ఎంటికలు, నీలం రంగు, అన్నీ. ఎట్ల పట్టినాయి సార్ అన్నీ ఆ కంట్లో?"

కడపలో హబీబుల్లా బల్ల మీద నూటికి పైగా ఫైళ్లున్నాయి. ఒక్కదాంట్లోనూ ఈ ప్రశ్న లేదు. ఆమె ముఖం కేసి చూస్తూ నిలబడ్డాడు. కాగితంలో నడవడి అనే గడి ఉంది. ప్రతిసారీ 'తృప్తికరం' అని రాసేవాడు. ఈసారి కలం పెట్టి, తీసి, చివరికి 'మాట్లాడుతోంది' అని రాశాడు.

ఆ చలికాలమంతా ఈశ్వరమ్మ కండ్ల వార్డులోనే ఉంది. ఒకరి తర్వాత ఒకరు. కొందరు తిట్టారు, కొందరు పాటలు పాడబోయారు. ఒకాయన ప్రతి గంటకూ తన గొర్రెలను ఎవరు తోలుకొచ్చారని అడిగేవాడు. అందరికీ చూపు రాలేదు. ఒక ముసలాయనకు కట్టు విప్పాక కూడా చీకటే మిగిలింది. లోపలి నరం ఎప్పుడో చచ్చిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆ రోజు ఈశ్వరమ్మ ఆయన్ను చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించి వచ్చింది, సాయంత్రం అన్నం తినలేదు. కానీ మరుసటి పొద్దున పీట దగ్గరికి తానే వచ్చింది.

మాఘంలో ఓబులేసు వచ్చాడు. శెనక్కాయలు ఒక మూట తెచ్చాడు. కిటికీలోంచి లోపలికి చూస్తే, ఎవరో ఆడమనిషి ఒక ముసలాయన తల పట్టుకుని వంగి ఏదో చెబుతోంది. తన భార్యేనని గుర్తుపట్టడానికి అతనికి కొంతసేపు పట్టింది. పిలిచాడు.

"ఇప్పుడు రాలేను. ఈయప్పకు ఇంగా మూడు దినాలుండాది. పొద్దు వాలినాక వస్తా, కూచో" అంది ఆమె, చేతులు తీయకుండానే.

అతను కిటికీ కింద మూడు గంటలు కూర్చున్నాడు. అప్పుడప్పుడూ లేచి చూసేవాడు. ఆమె బయటికి వచ్చేసరికి అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"ఏమైంది?" అంది ఈశ్వరమ్మ.

"ఒక మాట చెప్పాల నీకు. అప్పటినుంచి చెప్పలేకపోతాండా." ఓబులేసు నేల చూస్తూ అన్నాడు. "ఆ పొద్దు నేను గూడా సుంకి గొంతులో చూసినా. తెల్లగా కనపడె. జలుబుకు అట్లనే ఉంటాదిలే అనుకుంటి. నువ్వు పోతానంటే పో అంటి. నువ్వొక్కదానివే కాదు."

ఏడాదికి పైగా అతను ఆ మాటను కడుపులో దాచుకుని సేద్యం చేశాడు, అన్నం తిన్నాడు, భార్య బావిలో దూకినప్పుడూ దాచుకున్నాడు. ఈశ్వరమ్మ అతని పక్కన కూర్చుంది. తర్వాత ఆమె మూట విప్పి, కాయలు ఒలిచి అతని చేతిలో పెట్టింది. అప్పటి నుంచి అతను ప్రతి నెలా వచ్చాడు.

ఏడాది గడిచాక పులివెందుల కోర్టులో హబీబుల్లా ఆఖరి రిపోర్టు ఇచ్చాడు. మేజిస్ట్రేటు చదివి, "ఇంక నువ్వు పోవచ్చమ్మా, నీ మీద ఏ షరతూ లేదు" అన్నాడు. ఈశ్వరమ్మ దండం పెట్టి ఓబులేసుతో ఇంటికి పోయింది.

రెండేళ్ల తర్వాత, చలికాలంలో, హబీబుల్లా వేరే కేసు పని మీద పులివెందుల నుంచి జమ్మలమడుగు బస్సులో పోతున్నాడు. తొండూరులో బస్సు ఆగింది. ఎంతసేపటికీ కదలలేదు. కండక్టరు ఎవరినో కేకేస్తున్నాడు. హబీబుల్లా తల బయటపెట్టి చూశాడు.

ఈశ్వరమ్మ వస్తోంది. ఆమె భుజం మీద ఒక ముసలామె చెయ్యి. ఆ ముసలామె భుజం మీద ఒక ముసలాయన చెయ్యి. ఆయన వెనక ఇంకొకాయన. ఒకరి అడుగులో ఒకరు అడుగేస్తూ, దుమ్ములో తడబడకుండా వస్తున్నారు. ఈశ్వరమ్మ ఒక్కొక్కరి కాలు పట్టుకుని మెట్టు మీద పెట్టించింది. అరుస్తున్న కండక్టరు అరవడం మానేసి, చెయ్యి అందించాడు. బస్సులో జనం ఒకరొకరుగా లేచారు. హబీబుల్లా కూడా తన సీటు వదిలి నిలబడ్డాడు.

"సార్! బాగుండారా?" అంది ఈశ్వరమ్మ నవ్వుతూ. "పోయినేడు ఇద్దరే వచ్చినారు. ఈయేడు ముగ్గురు. మా పక్క పల్లెలోళ్లు."

"ఎవరు పంపినారు నిన్ను?"

"ఎవురూ పంపలా సార్. పొర కమ్మినోళ్లు ఉండారని తెలిస్తే ఊరుకోను మనసొప్పలా."

బస్సు కదిలింది. హబీబుల్లా పైకమ్మీ పట్టుకుని, దారి పొడుగునా ఆ నలుగురినే చూస్తూ నిలబడ్డాడు. ముద్దనూరు దాటాక ముసలామె తడుముకుంటూ ఈశ్వరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఈశ్వరమ్మా, కన్ను కోస్తారంట. నొప్పి పుడతాదా మే?"

"అంతగా పుట్టదు పెద్దమ్మా. కదలకుండా పడుకోవాల, అదే కష్టం."

"ఎనిమిది దినాలు నాతో అవుతాదా?"

"అవుతాది. తల నేను పట్టుకుంటా గదా" అంది ఈశ్వరమ్మ.